మలక్కాతో ఆడితే ప్రతిసారీ ఓడిపోతున్నా

ప్రశ్న: అన్నా, యూరోపా యూనివర్సాలిస్ 4 అనే చరిత్ర స్ట్రాటజీ కంప్యూటర్ గేమ్‌లో మలక్కా (ఇప్పటి మలేషియాలోని పాత రేవు రాజ్యం) తీసుకున్నా. ఇరవై ఏళ్లు గడవకముందే ఇప్పటి థాయ్‌లాండ్‌లోని అయుత్తయ రాజ్యం వచ్చి మింగేస్తోంది, ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, సైన్యంలో వాళ్లతో పోటీ పెట్టుకోకు, నీ బలమంతా మలక్కా జలసంధి వ్యాపారంలోనే ఉంది. గేమ్ 1444 నవంబర్ 11న మొదలవుతుంది కదా, పాజ్ తీసే ముందే లైట్ షిప్పులు మలక్కా ట్రేడ్ నోడ్‌కి (గేమ్‌లో వ్యాపారం డబ్బు పోగయ్యే చోటు) పంపెయ్, మొలుక్కాస్ దీవుల మసాలాల డబ్బు అక్కడికే వస్తుంది, ఆ డబ్బుతోనే కిరాయి సైనికుల్ని పెట్టుకోవచ్చు. ఇంకోటి, చైనా మింగ్ సామ్రాజ్యానికి ట్రిబ్యూటరీ (కప్పం కట్టే రాజ్యం) అయిపో. కప్పం కట్టడం నామోషీ అనుకోకు, అసలు మలక్కా బతికిందే అలా, దాన్ని స్థాపించిన రాజు పరమేశ్వర స్వయంగా 1411లో మింగ్ చక్రవర్తి దగ్గరికి వెళ్లొచ్చాడు. మన కోరమాండల్ తీరం బట్టలు కూడా ఆ రేవులో బాగా అమ్ముడయ్యేవి, అందుకే నాకు ఈ దేశమంటే అంత ఇష్టం.

1500 దాటాక మాత్రం పోర్చుగల్ మీద ఓ కన్నేసి ఉంచు. నిజం చరిత్రలో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ 1511లో మలక్కా ఊరు పట్టేసుకున్నాడు, కాబట్టి అప్పటికల్లా హెవీ షిప్పులు రెడీగా ఉండాలి, రాజధానిలో కోట తప్పనిసరి.