కిచెనర్‌లోని బక్కమ్ సింగ్ సమాధి, సైనిక రికార్డు చదివే పద్ధతి

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న కిచెనర్ మౌంట్ హోప్ శ్మశానంలో ఏటా నవంబరులో సిక్కులు నివాళులర్పించే సమాధి ఎవరిది, 1919లో జబ్బుతో పోయినాయనది యుద్ధ సమాధి ఎలా అయింది, ఇలాంటివారి వివరాలు ఎక్కడ వెతకాలి అని అడిగారు.

ఆయన ప్రైవేట్ బక్కమ్ సింగ్. 1893లో పంజాబులోని హోషియార్‌పూర్ జిల్లాలో పుట్టి, 1907లో బ్రిటిష్ కొలంబియా చేరారు. స్వదేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా వచ్చినవాళ్ళనే రానిస్తామని ఆ మరుసటి ఏడే కెనడా నిబంధన పెట్టింది. భారతీయులకు అలాంటి ప్రయాణం దొరకనివ్వలేదు గనక భార్యాబిడ్డల్ని పిలిపించుకునే దారి మూసుకుపోయింది. భార్య ప్రీతమ్ కౌర్ పంజాబులోనే ఉండిపోయింది. బ్రిటిష్ కొలంబియాలో భారతీయులకు ఓటు కూడా లేదు. అలాంటి దేశం కోసం ఆయన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915 ఏప్రిల్‌లో, ఒంటారియోలోని స్మిత్స్ ఫాల్స్‌లో సైన్యంలో చేరారు. 20వ కెనడియన్ పదాతి బెటాలియన్‌తో బెల్జియంలోని ఫ్లాండర్స్ కందకాల్లోకి వెళ్ళారు. 1916 జూన్‌లో తలకు ఫిరంగి గుండు ముక్క తగిలింది, జూలైలో సెయింట్ ఎలోయ్ దగ్గర కాలికి తూటా. ఆ తర్వాత ఇంగ్లండులో క్షయ బయటపడింది. స్ట్రెప్టోమైసిన్ ఇంకా పాతికేళ్ళ దూరంలో ఉన్న రోజులు, మంచంపట్టి విశ్రాంతి తీసుకోవడమే వైద్యం. 1919 ఆగస్టు 27న, 25 ఏళ్ళకే, కిచెనర్‌లోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూశారు.

యుద్ధ సమాధి ఎందుకంటే, యుద్ధంలో పోయిన సైనికుల సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ యుద్ధభూమిని కాదు, తేదీని చూస్తుంది. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా సర్వీసులో ఉండగా ఎలా చనిపోయినా లెక్కే. సైన్యం నుంచి డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళినవాళ్ళకు మాత్రం ఆ చావుకి సర్వీసే కారణమని తేలాలి. యుద్ధ సమాధిగా గుర్తించమని కుటుంబాలు పెట్టే దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి డిశ్చార్జి తేదీ ముందు పట్టుకోండి.

వెతకడం లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా వెబ్‌సైటులో మొదలుపెట్టండి. మొదటి ప్రపంచయుద్ధపు ఆరు లక్షల పైచిలుకు సైనికుల ఫైళ్ళు అక్కడ ఉచితంగా చూడొచ్చు. పేరుతో వెతికితే తిప్పలే. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. సింగ్ అన్నదాన్ని కొన్నిచోట్ల ఇంటిపేరుగా రాశారు, కొన్నిచోట్ల స్పెల్లింగులో ఒక అక్షరం వదిలేశారు. రెజిమెంటల్ నంబరు, అంటే సైన్యం ఒక్కో సైనికుడికి ఇచ్చిన సంఖ్య, దొరికితే పని సులువు. ఒక్కో బెటాలియన్‌కు ఒక్కో వరస కేటాయించారు, నంబరు చూస్తే ఎక్కడ చేరాడో తెలిసిపోతుంది. ఇంట్లో పతకం ఉంటే అంచు చూడండి: నంబరు, హోదా, పేరు, దళం సన్నటి అక్షరాల్లో అచ్చొత్తి ఉంటాయి. భూతద్దం పట్టి, వెలుగు పక్కవాటుగా పడేలా తిప్పండి. మెరుగు మాత్రం పెట్టించకండి, అక్షరాలు అరిగిపోతాయి. బక్కమ్ సింగ్ కథ వెలుగులోకి వచ్చిందీ ఇలాగే: ఆయన విక్టరీ మెడల్ ఇంగ్లండులో చరిత్రకారుడు సందీప్ సింగ్ బ్రార్ చేతికి చిక్కింది, అక్కణ్ణుంచి తీగ లాగుతూ పోయి సమాధిని కనుక్కున్నారు.

ఫైలులో అన్నిటికంటే విలువైన కాగితం క్యాజువాల్టీ ఫారం. ఎప్పుడు ఏ దళానికి మార్చారు, ఏ ఆసుపత్రిలో చేర్చారు అన్నీ వరసగా దానిలోనే ఉంటాయి. ఒక్కో నమోదుకు రెండు తేదీలు: ఒకటి నివేదిక అందినది, రెండోది సంఘటన జరిగినది. మొదటిదాన్ని గాయపడిన రోజుగా రాసేసుకుంటే మిగతా లెక్కంతా తప్పుతుంది. టీఓఎస్ అంటే దళంలో చేర్చుకున్నారని, ఎస్ఓఎస్ అంటే ఆ దళం జాబితా నుంచి తీసేశారని. చనిపోయాడని అనుకోకండి, మామూలు బదిలీకీ అదే రాస్తారు. జీఎస్‌డబ్ల్యూ అంటే తుపాకి గాయం అని అర్థమైనా ఫిరంగి గుండు ముక్క తగిలినా అదే రాసేవారు. నిజంగా ఏం తగిలిందో వైద్యుల కేస్ షీటులో చూడాలి.

సరైన తేదీ చేతికొచ్చాక ఆ బెటాలియన్ యుద్ధ డైరీలో, అంటే దళం రోజూ రాసుకున్న పుస్తకంలో, ఆ రోజు పేజీ తెరవండి. ప్రైవేట్ల పేర్లు సాధారణంగా ఉండవు, 'ఇతర హోదాలు, గాయపడినవారు ఇందరు' అని ఉంటుంది. అయినా వాన, షెల్లింగ్, ఏ కందకంలో ఉన్నారు అన్నది అక్కడే దొరుకుతుంది.

మీ ముత్తాత మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి భారత సైన్యంలో చేరి ఉంటే మాత్రం ఒట్టావాలోని ఆ కెనడా ఆర్కైవ్స్‌లో వెతికి లాభం లేదు. సిపాయిలకు ఇలాంటి ఫైళ్ళు చాలావరకు లేవు. ఆయన పనిచేసిన దళం పేరు పట్టుకుని, లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 95 వరసలో ఉన్న యుద్ధ డైరీలు చూడండి.