తీసి పెట్టుకునే క్యారియర్

ప్రశ్న: నా గేర్ సైకిలు ఫ్రేముకు క్యారియర్ బిగించే రంధ్రాలు లేవు. ఆఫీసు సంచి పెట్టుకోవడానికి, సెలవు రోజున తీసేయడానికి వీలైన క్యారియర్ ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. సీటు కింది గొట్టానికి క్లాంపుతో పట్టించే క్యారియర్ మీకు సరిపోతుంది. అయితే బరువంతా ఆ ఒక్క పట్టు మీదే వేలాడుతుంది కనుక, ఈ రకం క్యారియర్లలో చాలావాటికి పరిమితి సుమారు 10 కిలోలే. దాని మీద మనిషిని, ముఖ్యంగా పిల్లలను, ఎంతమాత్రం కూర్చోబెట్టకండి. గొట్టం కార్బన్ ఫైబర్‌దైతే ఈ ఆలోచనే మానుకోండి, ఎందుకంటే క్లాంపు నొక్కుడుకు అది చిట్లవచ్చు. అల్యూమినియందైతే దాని వ్యాసం 27.2 మిల్లీమీటర్లా, 31.6 మిల్లీమీటర్లా, మరొకటా అన్నది, అది క్లాంపుకు సరిపోతుందా అన్నది చూసుకుని, క్లాంపుతో ఇచ్చే రబ్బరు పట్టీని మధ్యలో వేసి బిగించాలి. ఆపైన క్యారియర్ చివర పట్టుకుని పక్కలకు గట్టిగా తిప్పి చూడండి. ఏమాత్రం కదిలినా పట్టు చాలదన్నమాట, గతుకుల్లో అది పక్కకు తిరిగి సంచి చక్రానికి రాసుకుంటుంది. ల్యాప్‌టాప్ వంటి బరువును సీటుకు దగ్గరగా ఉంచండి. సాగే తాడు కొస చువ్వల్లోకి జారకుండా ముడి వేయడం, వెనుక ఎర్ర దీపం సంచి చాటున పడకుండా చూడడం కూడా అంతే ముఖ్యం.