ముందు కప్పు చూడు, తర్వాతే షాండ్లియర్

చి.సౌ. బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన షాండ్లియర్ ఫోటోలు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. పన్నెండు కొమ్మలు, ఇత్తడి కాడ, మూడు వరసల లోలకులు (అవే, వేలాడే గాజు ముక్కలు), అడుగున కొబ్బరికాయంత గాజు గుండు. బాగుంది, కాదనను. "బెల్జియందట, 150 ఏళ్ళ నాటిదట, లక్షా ఎనభై వేలు చెప్తున్నాడు, అడ్వాన్సు ఇచ్చేయనా మావయ్యా" అని అడిగావు. ఇప్పుడే ఇవ్వకు. మీ స్లాబు వచ్చే నెల పడుతుందని మీ అమ్మ చెప్పింది. ఈ పని అక్కడ మొదలుపెట్టాలి.

34 ఏళ్ళు ఎలక్ట్రికల్ కాంట్రాక్టు చేశాను కదా, డబ్బు తెచ్చిపెట్టింది అపార్ట్‌మెంట్ల వైరింగే. మనసుపడి చేసింది మాత్రం పాత దీపాలకి కొత్త వైర్లు లాగడం. మా నాయనమ్మ షాండ్లియర్లని లస్తర్లు అనేది. జమీందారుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి వెలిగించేవాళ్ళని చెప్పేది. ఆ మాట చెవిలో పడ్డప్పటినుంచీ నాకీ పిచ్చి. అయితే ఎన్నో ఇళ్ళల్లో చూశాను, ముచ్చటపడి కొన్న షాండ్లియర్ అట్టపెట్టెలో మంచం కింద పడి ఉంటుంది. కప్పు ఎత్తు చాలదు, లేకపోతే హుక్కు ఉండదు, రెండూ ఉంటే ఫ్యాను అడ్డం.

నేనూ తక్కువ తినలేదులే. పెళ్ళయిన కొత్తలో ఎనిమిది కొమ్మలది ఒకటి తెచ్చి పడగ్గదిలో బిగించాను. అద్దె ఇల్లు, తొమ్మిదిన్నర అడుగుల కప్పు. మర్నాడు సాయంత్రం మీ అత్తయ్య మంచమెక్కి దోమతెర కడుతూ తల కొట్టుకుంది. లోలకు ఒకటి విరిగింది, నుదుటి మీద రెండు కుట్లు పడ్డాయి. ఆ మచ్చ చూసి ఎవరైనా అడిగితే ఇప్పటికీ "మా ఆయన పెట్టిన నగ" అంటుంది.

కాబట్టి ముందు టేపు తీసుకో. మీ హాలు 18 అడుగుల పొడవు, 14 వెడల్పు అన్నావు. రెండూ కలిపితే 32. షాండ్లియర్ అడ్డం కొలత 32 అంగుళాల దగ్గర్లో ఉంటే గదికి అతుకుతుంది. ఇది శాస్త్రమేమీ కాదు, పనివాళ్ళ లెక్క, కానీ నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. మనుషులు నడిచే చోట దీపం అడుగుభాగానికీ నేలకీ మధ్య కనీసం 7 అడుగులు వదలాలి. డైనింగ్ టేబుల్ మీదైతే కింద ఎవరూ నడవరు గనక టేబుల్ చెక్కకి 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో చాలు. మీది డూప్లెక్సు, హాలు రెండంతస్తుల ఎత్తు కాబట్టి ఎత్తుకి ఇబ్బంది లేదు. కానీ అదే ఎత్తు దుమ్ము దులిపేటప్పుడు ఏడిపిస్తుంది. అది తర్వాత చెప్తాను.

ఇప్పుడు హుక్కు. గ్వాలియర్ జైవిలాస్ ప్యాలెస్ దర్బారు హాల్లో రెండు షాండ్లియర్లున్నాయి, ఒక్కొక్కటి మూడున్నర టన్నులట. వాటిని వేలాడదీసే ముందు కప్పు ఆగుతుందో లేదో చూడటానికి ఏనుగుల్ని పైకెక్కించారని అక్కడ చెప్తారు. మనకి ఏనుగులు అక్కర్లేదు గానీ సిమెంటు బస్తాలు కావాలి. స్లాబు పోసే ముందే, ఇనుము కట్టేటప్పుడు, హాలు మధ్యలో హుక్కు చువ్వలకి చుట్టి గట్టిగా కట్టించు. ఫ్యాన్ బాక్సులో వచ్చే మామూలు హుక్కుతో సరిపెట్టొద్దు. స్లాబు బాగా గట్టిపడి సెంట్రింగ్ విప్పేశాక దానికి షాండ్లియర్ బరువుకి నాలుగింతలు వేలాడదీసి గంటసేపు వదిలెయ్యండి. పాతిక కిలోల దీపానికి రెండు సిమెంటు బస్తాలు, అంటే వంద కిలోలు. ఆ గంటా కింద ఎవర్నీ నిలబడనివ్వకు. మేస్త్రి నవ్వుతాడు, నవ్వనీ. ఆ హుక్కు దగ్గరికే వైరు పైపు, ఎర్తు వైరుతో సహా, వచ్చేలా చూసుకో. ఇంటీరియర్ అబ్బాయి తర్వాత వచ్చి జిప్సం ఫాల్స్ సీలింగ్‌కి బిగిద్దాం మేడమ్ అంటే వాణ్ణి కాఫీ ఇచ్చి పంపెయ్.

ఫ్యాను సంగతి నేను చూసిన ఇంగ్లీషు వీడియోల్లో చెప్పలేదు. మనకి మే నెలలో తిరగక తప్పదు. ఫ్యాను పక్కనే షాండ్లియర్ ఉంటే గాలికి లోలకులు గలగలమంటూనే ఉంటాయి. మొదటి రోజు సంగీతం, నాలుగో రోజుకి తలనొప్పి. పైగా ఒకదానికొకటి తగిలి అంచులు పెచ్చులూడతాయి. రెక్కలకన్నా పైన బల్బు ఉంటే గదంతా నీడలు గిర్రున తిరుగుతాయి. అందుకని మధ్య హుక్కు షాండ్లియర్‌కి వదిలేసి, కూర్చునే చోటికి అటొకటి ఇటొకటి ఫ్యాన్ పాయింట్లు ఇప్పుడే పెట్టించు.

ఇక షాపుకి వెళ్దాం. మన పాతబస్తీలో గాజు అంటే అంతా బెల్జియమే. అద్దం బెల్జియం, గ్లాసు బెల్జియం, లోలకు బెల్జియం. నిజానికి మన రాజుల ఇళ్ళకి వచ్చినవాటిలో ఇంగ్లండువీ, ఇప్పుడు చెక్ దేశమంటున్న బొహీమియావీ ఎన్నో. బర్మింగ్‌హామ్‌లో ఆస్లర్ అనే కంపెనీ ఉండేది. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌కి 27 అడుగుల గాజు ఫౌంటెన్ చేసి పెట్టింది వాళ్ళే. కలకత్తాలో షోరూం తెరిచి మన సంస్థానాలకి షాండ్లియర్లు అమ్మారు. కాబట్టి ఊరు పేరు విని డబ్బులు లెక్కపెట్టకు. వస్తువుని పట్టుకుని చూడు.

పట్టుకుని చూడటమంటే ఇలా. జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్ళు. కాడకీ కొమ్మలకీ ఆనించు. అతుక్కుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము. ఇత్తడికి అతుక్కోదు. తర్వాత ఒక లోలకు విప్పించి చెంపకి ఆనించుకో. గాజు చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు. గోరుతో మీటు. సీసం కలిపిన క్రిస్టల్ ఖంగుమని కాసేపు మోగుతుంది, మామూలు గాజు టక్కుమని ఆగిపోతుంది. స్ఫటికంలాంటి గాజుకి 1674లో ఇంగ్లండులో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ పేటెంటు తీసుకున్నాడు, అందులో సీసం కలపడం ఆ తర్వాత కుదిరింది. ఆ సీసం వల్లే బరువు, ఆ రంగుల మెరుపు. వేలితో అంచులు తడుము. చేత్తో సానబెట్టింది అయితే అంచు పదునుగా, పలకలు చదునుగా ఉంటాయి. అచ్చులో పోసింది అయితే అంచులు మొద్దుగా ఉండి, పక్కన సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. అచ్చు గాజు పనికిరాదని కాదు, దాని ధర వేరు.

ఇప్పుడు చెప్పేది మాత్రం మర్చిపోవద్దు, నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది. చిల్లులు లెక్కపెట్టు. ప్రతి కొమ్మ చివరా కొవ్వొత్తి మైనం పడటానికి పెట్టే గాజు గిన్నె ఉంటుంది చూడు, దాని అంచు చుట్టూ చిన్న చిన్న చిల్లులుంటాయి. ఒక్కో చిల్లుకీ ఒక్కో లోలకు ఉండాలి. నీ రెండో ఫోటో పెద్దది చేసి చూశాను. ఎడమవైపు గిన్నెకి పది చిల్లులుంటే ఏడింటికే లోలకులున్నాయి. పన్నెండు గిన్నెలకీ అలాగే ఉంటే ఒక్క ఆ వరసలోనే 36 తక్కువ. షాపులో "తర్వాత వేయించి ఇస్తాం" అంటారు. నాకూ అలాగే ఒకతను చెప్పాడు. ఆర్నెల్ల తర్వాత ఇచ్చినవి కొత్త గాజు, కొంచెం పచ్చగా, పాతవాటి పక్కన పుచ్చుపళ్ళలా కనిపించేవి. పగలు గుమ్మం దగ్గరికి తెప్పించి ఎండ వెలుగులో చూస్తే ఆ రంగు తేడా ఇట్టే తెలిసిపోతుంది. షాపు లోపల పసుపు బల్బుల కింద తెలియదు.

గాజు కొమ్మలైతే ఇంకో పరీక్ష. కొమ్మ మొదలు ఇత్తడి గిన్నెలో దిగే చోట పట్టుకుని మెల్లగా కదిలించు. అక్కడ తెల్లటి పూతతో బిగిస్తారు, అది వదులైతే కొమ్మ ఆడుతుంది. ఫోను టార్చి వెనకనుంచి పెట్టు. విరిగి అతికించిన చోట గీత మెరుస్తుంది. లోలకు పోతే ఇంకోటి దొరుకుతుంది, కొమ్మ పోతే జత దొరకడం కష్టం. నా మటుకు నేను నాలుగు లోలకులు తక్కువైన దీపాన్ని కొంటాను గానీ అతికించిన కొమ్మ ఒక్కటున్నా కొనను.

వైరింగ్ గురించి షాపతను "వర్కింగ్ కండిషన్" అంటాడు. ప్లగ్గు పెట్టి వెలిగించి చూపిస్తాడు కూడా. పట్టించుకోకు. పాత గుడ్డ చుట్టిన వైరు, రబ్బరు వైరు వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడిగా రాలుతుంది. ఎలాగూ మొత్తం మార్చాలి. ఆ ఖర్చు ముందే ధరలో తగ్గించమను. కొమ్మల్లో దారి సన్నగా ఉంటుంది కాబట్టి టెఫ్లాన్ వైరు వాడతాం, అది సన్నం, వేడికి తట్టుకుంటుంది. కొమ్మకో ముడి వెయ్యకుండా అన్నీ కాడ మధ్యలో ఒకచోట కలపాలి. ఇత్తడి ఒంటికి ఎర్తు తప్పనిసరి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, ఉందో లేదో అల్లుడుగారిని చూడమను. ఆ పని నేనే దగ్గరుండి చేయిస్తాను, ఎవరినీ పిలవకు.

బల్బుల దగ్గర చాలామంది చేతులారా పాడుచేసుకుంటారు. లోలకు మెరవాలంటే వెలుగు చిన్న చుక్కలోంచి రావాలి. పాల రంగు బల్బు పెడితే వెలుగు చెదిరిపోయి క్రిస్టల్ కాస్తా ఐసుముక్కలా చచ్చుగా ఉంటుంది. పారదర్శకంగా, లోపల తీగ కనిపించే ఎల్‌ఈడీ కొవ్వొత్తి బల్బులు తీసుకో, 2700 కెల్విన్ అని రాసి ఉన్నవి, అంటే పసుపు వెలుగువి. 6500 అని ఉన్న తెల్ల వెలుగువి మెడికల్ షాపుకి బాగుంటాయి. ఒకప్పుడు 40 వాట్ల బల్బులు పన్నెండు పెడితే 480 వాట్లు కాలేది, కింద కూర్చుంటే నడినెత్తి వేడెక్కేది. ఇప్పుడు 4 వాట్లవి పన్నెండు, మొత్తం 48. వెలుగు తగ్గించే డిమ్మర్ పెట్టిస్తే బల్బు డబ్బా మీద డిమ్మబుల్ అని ఉండాలి, లేకపోతే మిణుకు మిణుకుమంటూ ప్రాణం తీస్తుంది.

మీ అన్నయ్య కూడా ఇలాంటిదొకటి కొని డల్లాస్ పట్టుకెళ్తానంటున్నాడట. వాడికి చెప్పు. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని మనలాంటివాళ్ళు దేశం దాటించకూడదు. షాపతను నిజంగానే 150 ఏళ్ళదని రాసిచ్చాడంటే మీ అన్నయ్య ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటాడు. వందేళ్ళది కాదని రాసిచ్చాడంటే ఆ ధర ఎందుకో నువ్వే అడగొచ్చు. ఏదైనా సరే, బిల్లు మీద ఎన్నేళ్ళదో, ఎన్ని లోలకులో, ఏ లోహమో రాయించు. రాయమంటే తడబడేవాడి దగ్గర కొనొద్దు.

తుడవడం. రెండంతస్తుల ఎత్తులో ఉన్నదాన్ని ఎవరు ఎక్కి తుడుస్తారు? నీకిప్పుడు ఓపికుంది, పదేళ్ళ తర్వాత మోకాళ్ళు మాట వినవు. దీపాన్ని కిందికి దించే మోటారు లిఫ్టులు దొరుకుతున్నాయి. అది పెట్టించాలనుకుంటే దాని బరువు కూడా హుక్కు లెక్కలో కలుపు. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ దసరాకీ అనుకో, మెయిన్ ఆపి, చేతులకి నూలు తొడుగులు వేసుకుని, ఒక చేతిది తడిపి, రెండోది పొడిగా ఉంచుకుని ఒక్కో లోలకూ తుడవాలి. స్ప్రే కొట్టొద్దు, ఆ నీళ్ళు హోల్డర్లలోకి పోతాయి. మీ అమ్మ చింతపండు తీసుకొస్తుంది, ఆపు. ఇత్తడి బిందెకి చింతపండు బాగుంటుంది, పాత దీపానికి కాదు. సందుల్లో పులుసు ఉండిపోయి నెల తిరక్కుండా పచ్చగా చిలుము పడుతుంది. ఆ పాత గోధుమరంగు నిగారింపు పోతే దీపం విలువ కూడా పోతుంది. పొడిగుడ్డ చాలు.

ఇంకో మాట. ఇంటికి పెద్దది ఒక్కటే చాలు. మెట్ల దగ్గరా, పూజగది బయటా కూడా షాండ్లియర్లు పెడితే పెళ్ళి మండపమైపోతుంది. అక్కడ హండీలు పెట్టు. గంట ఆకారంలో, మూడు గొలుసులకి వేలాడే గాజు దీపాలు. రంగువీ దొరుకుతాయి, తెల్లవీ దొరుకుతాయి. తమిళనాడులో కారైక్కుడి అనే ఊళ్ళో చెట్టియార్ల ఇళ్ళ పాత సామాను అమ్మే వీధి ఉంది, అక్కడ ఓపిగ్గా వెతికితే మంచివి కనిపిస్తాయి. తొమ్మిదడుగుల కప్పున్న ఇంటికైనా అవి సరిపోతాయి. ఈ సంగతి మీ అత్తయ్య నుదురు పగలకముందు నాకు తెలిసుంటే బాగుండేది.

కొనే ముందు అల్లుడుగారితో ఒకసారి చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళిరా. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 షాండ్లియర్లున్నాయి. వాటి అందం అందరూ చూస్తారు. నువ్వు మాత్రం ఒక్కోటీ నేలకి ఎంత ఎత్తులో ఉందో, కప్పునుంచి ఎంత కిందికి దిగిందో చూడు. అక్కడ పది నిమిషాలు తల పైకెత్తి నిలబడితే నా ఉత్తరం సగం అక్కర్లేదు.

శనివారం పదకొండింటికి మహబూబ్ చౌక్ గడియారం దగ్గర ఉంటాను. నువ్వు చూసిన షాపు అక్కణ్ణుంచి నడిచే దూరమే అన్నావుగా. అయస్కాంతం నేను తెస్తాను, టేపు నువ్వు తీసుకురా. లోపలికెళ్ళాక ఆ షాండ్లియర్ వంక తిన్నగా చూడకు. ముందు పక్కనున్న గడియారాల ధర అడుగు. "అబ్బ, ఎంత బాగుందో" అని మాత్రం నోరు జారావో, ఇరవై వేలు అక్కడే పెరుగుతాయి.

మీ మావయ్య