దింపు లెక్క, ప్రభు బల్ల

ప్రశ్న: అయ్యగారికి వందనములు. పదేళ్ల క్రితం మా కొబ్బరితోట దింపు (చెట్ల నుంచి కాయలు దించడం) లెక్కలో తమ్ముడి వాటా తగ్గించి చూపాను. ఎన్నిసార్లు ప్రార్థించినా, ప్రభు బల్ల (యేసు జ్ఞాపకార్థం సంఘంలో రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) దగ్గర రొట్టె అందుకొనేటప్పుడు చెయ్యి వణుకుతుంది. నాకు విశ్వాసమే లేదేమో?
– ఒక సోదరి, అమలాపురం

జవాబు: అమ్మా, సందేహానికి అంతగా భయపడనక్కరలేదు. మార్కు సువార్త 9వ అధ్యాయంలో కొడుకును తీసుకొచ్చిన తండ్రి, ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అని ఒక్క ఊపిరిలో రెండూ చెప్పుకొన్నా, యేసు అతణ్ణి తిప్పి పంపక పిల్లవాణ్ణి బాగుచేశాడు.

మీ చెయ్యి వణకడానికి కారణం వేరని నాకు తోస్తోంది. అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని, పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసుతో అన్నాడు (లూకా 19:8); అయితే ‘నేడు నీ యింట నేనుండవలసియున్నది’ అని ప్రభువు పిలిచింది అంతకుముందే కాబట్టి, ఆ సొమ్ము క్షమాపణకు వెల కాదు, క్షమాపణ పొందినవాడి పశ్చాత్తాపం. మీరు దేవునితో చెప్పుకొన్నారు, తమ్ముడితో చెప్పలేదు. (మన కోనసీమలో తోటల తగాదా మాట్లాడడం ఎంత కష్టమో నాకూ తెలుసు.) పాత దింపు పుస్తకం పట్టుకొని తమ్ముడి ఇంటికి వెళ్ళండి, ఆయన కోప్పడితే ఎదురు చెప్పకుండా వినండి.