చదువూ కొలువూ: క్లబ్బులో చేరాలా, వద్దా?

ప్ర: అక్కా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఈ ఏడు అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్లో ఉంటున్నాను. కోడింగ్ క్లబ్, లిటరరీ క్లబ్, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం), డ్యాన్స్ టీమ్ అంటూ సీనియర్లు రోజూ క్లాసుకొచ్చి చెప్పి పోతున్నారు. చేరాలనే ఉంది కానీ వాళ్లు ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతుంటే టెన్షన్. మా నాన్నేమో చదువుకోను పంపిస్తే ఈ ఆటలేంది అంటాడు. రూమ్మేట్స్ తప్ప ఫ్రెండ్స్ కూడా లేరు. ఏం చేయమంటారు?

జ: చేరు చెల్లీ. ఈ వారమే చేరు, మొదటి సెమిస్టర్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే అప్పటికి అందరికీ జట్లు కుదిరిపోయి ఉంటాయి, మధ్యలో వెళ్లి కలవడం ఇంకా కష్టం.

నువ్వు చివర్లో రాసిన ఫ్రెండ్స్ సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. క్లాసులో అరవై మంది పక్కపక్కనే కూర్చున్నా అందరి చూపూ బోర్డు మీదే, ఒకరితో ఒకరికి అవసరం పడదు. అదే క్లబ్బులో రేపు పొద్దున ప్రోగ్రాం పెట్టుకుని రాత్రి బ్యానర్ చూస్తే ముఖ్య అతిథి పేరు తప్పు పడి ఉంటుంది, మైకు వాడు ఫోన్ ఎత్తడు, సెమినార్ హాలు తాళం ఎవరి దగ్గరుందో తెలీదు. ఆ రాత్రి నీతో పాటు పరిగెత్తిన అమ్మాయి మర్నాటి నుంచి నీ ఫ్రెండే, వేరే పరిచయం అక్కర్లేదు. అందుకే ఏ క్లబ్బుకు పేరుంది, ఎవరు ఫెస్ట్ ఘనంగా చేస్తారు అని చూడొద్దు. ఏ క్లబ్బు వాళ్లు వారం వారం కలుస్తారో, ఫస్టియర్ వాళ్లకు కూడా నిజంగా పని ఇస్తారో కనుక్కుని అందులో చేరు. ఏడాదికి ఒక్క ఫెస్ట్ చేసి, మిగతా రోజులు వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు పెట్టుకునే క్లబ్బులో వంద మంది సభ్యులున్నా నీకు ఒక్కరూ దగ్గర కారు.

ఇంగ్లీషు భయం గురించి. మొదటి మీటింగ్‌లోనే లేచి మాట్లాడమని నిన్ను ఎవరూ అడగరు. నువ్వే పోయి ఒక పని అడుగు. మీటింగ్‌లో అనుకున్నవి రాసిపెట్టడం, ఖర్చుల లెక్క, బిల్లులు జాగ్రత్త చేయడం, హాలు కోసం ప్రిన్సిపాల్‌కు లెటర్ రాయడం లాంటివి. వీటికి ఎవరూ పోటీ పడరు, అందరికీ స్టేజీయే కావాలి. కానీ డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం కోసం నాలుగుసార్లు తిరిగి పర్మిషన్ తెచ్చుకున్న పిల్లకు ఆఫీసులో మనుషులతో ఎట్లా మాట్లాడాలో వచ్చేస్తుంది, అది ఏ సిలబస్‌లోనూ లేదు. రేపు ఇంటర్వ్యూలో నీ గురించి చెప్పమంటే చెప్పడానికి నీ దగ్గర నిజంగా జరిగిన సంగతులు ఉంటాయి. ఇంగ్లీషు కూడా ఈ పనుల్లోనే కొద్దికొద్దిగా నాలుక మీదికొస్తుంది. లిటరరీ క్లబ్ అయితే తెలుగులో యాంకరింగ్ చేస్తానని ధైర్యంగా అడుగు, ఈ రోజుల్లో తప్పుల్లేకుండా తెలుగు చదివేవాళ్లే దొరకడం లేదు.

ఇంకో సంగతి, కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. హాస్టల్లో జట్లు మన ఊరోళ్లు, మన మీడియం వాళ్లు, మన కులపోళ్లు అని కడుతుంటారు. ఎవరూ పైకి అనరు గానీ భోజనాల బల్లల దగ్గర చూస్తే తెలిసిపోతుంది. మంచి క్లబ్బులో ఈ గీత కొంతైనా చెరుగుతుంది. నేను కాలేజీ క్లబ్బుల్ని ఇంత గట్టిగా వెనకేసుకొచ్చేది దీనికోసమే.

ఒకటి, మహా అయితే రెండు చాలు. ఒక సెమిస్టర్ చూసి నచ్చకపోతే చెప్పి బయటికి రా, తప్పేం లేదు. వేలకు వేలు ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే వాటి జోలికి పోవద్దు. క్లాసులు మాత్రం ఎగ్గొట్టొద్దు, 75 శాతం హాజరు లేక పరీక్షకు ఇబ్బంది పడితే నాన్న మాటే నెగ్గుతుంది. ఆయనకు క్లబ్ అని చెప్తే పేకాట క్లబ్బే గుర్తొస్తుంది కాబట్టి నువ్వు చేసే పని ఏమిటో చెప్పు: ‘కాలేజీ ప్రోగ్రాం లెక్కలు నేనే చూస్తున్నా నాన్నా’ అను.

ప్ర: మేడం, మా పాప ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు అంటూ ఏడు రోజులు వేరే పల్లెలో ఉండాలంటోంది. పంపించవచ్చా?

జ: పంపించండి. మీ భయం అర్థమవుతుంది, కాకపోతే ఇది ఎవరో పిల్లలు కలిసి పెట్టుకున్న టూర్ కాదు. ఎన్‌ఎస్‌ఎస్ గాంధీ శతజయంతి ఏడాది, 1969లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం. వాలంటీర్లు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు సేవ చేయాలి, దాంతో పాటు ఏడు రోజుల ప్రత్యేక క్యాంపు ఉంటుంది. మీరు కాలేజీకి వెళ్లి ప్రోగ్రాం ఆఫీసర్‌ను కలవండి. ఏ ఊరు, రాత్రి ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారు, వాళ్లతో మహిళా లెక్చరర్ ఎవరు ఉంటారు, బాత్రూములు ఎట్లా ఉన్నాయి, ఎవరి నంబరుకు ఫోన్ చేయాలి, అన్నీ మొహమాటం లేకుండా అడగండి. సరిగ్గా జవాబు చెప్పలేకపోతే ఆపండి, ఆ హక్కు మీకుంది. చెప్తే మాత్రం మనసు పీకుతున్నా పంపించండి. పొద్దున ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, సాయంత్రం అందరికీ వంట చేసి, తోటి పిల్లలతో ఒకే గదిలో వారం గడిపిన అమ్మాయి ఇంటికొచ్చాక ఎన్ని కబుర్లు చెప్తుందో మీరే చూస్తారు.

ప్ర: కర్నూలులో డిగ్రీ మొదటి సంవత్సరం. ఆర్మీ ఆఫీసర్ కావాలని ఆశ. ఎన్‌సీసీనా, క్రికెట్ టీమా?

జ: ఎన్‌సీసీ. విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చేది అదే కదా. చేరడమూ ఇప్పుడే, ఎందుకంటే అందులో ఇచ్చే ‘సీ’ సర్టిఫికెట్ పరీక్ష మూడో ఏట వస్తుంది, ఆలస్యంగా చేరితే డిగ్రీ అయిపోతుంది. ఆ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ కింద రాతపరీక్ష లేకుండా, సైన్యానికి ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు అప్లై చేసుకోవచ్చు. పెరేడ్ మానొద్దు. క్రికెట్ ఆదివారం ఆడుకో నాయనా.

ప్ర: కడపలో పీజీ చేస్తున్నాం. మా డిపార్ట్‌మెంట్‌లో ఏ క్లబ్బూ లేదు. పుస్తకాలు చదివే బృందం పెట్టాలని ముగ్గురం అనుకుంటున్నాం. ముగ్గురితో అవుతుందా?

జ: అవుతుంది. పేరు, లోగో, ప్రెసిడెంటు ఎవరు అన్న చర్చ మొదలుపెట్టకండి, సగం బృందాలు అక్కడే చీలిపోతాయి. ఏ రోజు, ఏ టైముకు కలవాలో ఖాయం చేసుకోండి, పక్షానికోసారి చాలు. ఊరి నుంచి బస్సులో వచ్చిపోయేవాళ్లు ఉంటే సాయంత్రం వద్దు, మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టండి. మొదటి నెల చిన్న కథలు చదవండి, నవలలైతే పూర్తి చేయనివాళ్లు మొహం చాటేస్తారు. మీ ఊళ్లోనే సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, బ్రౌన్ బంగళా ఉన్న చోటే. ఆయన సొంత జీతంలోంచి డబ్బిచ్చి పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు పోల్చి చూయించింది కూడా ఒక చిన్న బృందంతోనే. ఒకసారి ముగ్గురూ అక్కడికి వెళ్లి, చదువుకోడానికి వీలేమిటో లైబ్రరీ వాళ్లను అడగండి. నాలుగో మనిషిని పోస్టర్ వేసి పిలవడం కంటే, క్లాసులో ఎప్పుడూ మాట్లాడకుండా వెనక కూర్చునే వాళ్లలో ఒకరి దగ్గరికి వెళ్లి పేరు పెట్టి పిలవండి.