అల్లుడూ, డ్రిల్లుకు ప్లగ్గు పెట్టే ముందు ఇది చదువు

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, "వీడు బుల్లెట్ ఇంజను విప్పి వరండా అంతా పరిచాడు, అన్నానికి పిలిచినా లేవడం లేదు" అంది. హెడ్డు, అదే సిలిండర్ మీది మూత, ఆటోనగర్‌లో ఫేసింగ్ చేయించావట, అంటే కింది ముఖం చెక్కించి పలచన చేయించావట. వాల్వులను మరింత లోతుకు తెరిచే, ఎక్కువ లిఫ్టు ఉన్న క్యాం తెప్పించావట. ఇప్పుడు వాల్వు పిస్టన్‌కు తగులుతోంది కనుక పిస్టన్ తలలో గుంటలు నువ్వే తీస్తానంటున్నావట. మన ఇంట్లో నా తరువాత ఒకడైనా చేతికి నూనె పూసుకుంటున్నాడని ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ సంతోషంతోనే పడుకున్నాను. మూడింటికి మెలకువ వచ్చింది, మళ్లీ నిద్ర పట్టలేదు.

ముందు తిట్టాల్సింది తిడతాను. కొలవకుండా హెడ్డు ఎందుకు తీయించావు? తీసిన లోహం తిరిగి అతకదు.

సరే, అయిందేదో అయింది. పిస్టన్ తల మీద నూనె రాసి, పిల్లలు ఆడుకునే బంకమట్టి అద్దు. పాత గాస్కెట్‌తోనే హెడ్డు బిగించి, ట్యాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు) సరిచేసి, ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పు. విప్పి, మట్టిని బ్లేడుతో కోసి, పలచగా ఉన్నచోట వెర్నియర్‌తో మందం కొలువు. వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఉన్న ఖాళీ అదే. లోపలికి పీల్చే ఇన్లెట్ వాల్వుకు 2 మిల్లీమీటర్లు, పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వుకు 2.5 ఉండాలి. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి ఎక్కువ సాగుతుంది. పిస్టన్ పైకొసన నిలబెట్టి చూసి సరిపోయిందనుకోకు. మూసుకుంటున్న ఎగ్జాస్ట్ వాల్వును పిస్టన్ తరుముకొస్తుంది, దిగే పిస్టన్‌ను ఇన్లెట్ వాల్వు తరుముతుంది. అవి బాగా దగ్గరయ్యేది పైకొసకు ఇటు పది, అటు పది డిగ్రీల ప్రాంతంలో.

ఆ ఖాళీ చాలకపోతే గుంట తీయడానికి, పాత వాల్వు తలకు కట్టర్ ముక్క బ్రేజింగ్ చేయించి (ఇత్తడితో అతికించి), అసలు వాల్వు కంటే చుట్టూ మిల్లీమీటరుకు మించి పెద్దదిగా ఉండేలా లేత్ మీద టర్నర్ చేత పట్టించు. దాన్ని హెడ్డులో వాల్వు కాడ కదిలే గైడులోంచి దూర్చి డ్రిల్లుతో తిప్పితే వాలు దానంతటదే కుదురుతుంది. ఎంత లోతుకు ఆగాలో కాడకు కాలరు బిగించు. డ్రిల్లు నెమ్మదిగా తిప్పు, కిరోసిన్ చుక్కలు వేస్తూ ఉండు. పిస్టన్ చుట్టూ గ్రీజు నింపితే రజను కిందికి జారదు.

ఇక నన్ను నిద్ర లేపిన సంగతి.

1986లో నాకు ఇరవై మూడేళ్లు. ఒక స్నేహితుడి బుల్లెట్‌కు ఇదే పని చేశాను. పిస్టన్ తల మందం నడిమధ్యన కొలిచాను, బోలెడు ఉంది. కానీ ఆ బండిలో వాల్వులు ఏటవాలుగా ఉంటాయి. అందుకని గుంట మధ్యలో లోతుగా పడదు, సిలిండర్ గోడ వైపు అంచున పడుతుంది. ఆ అంచు కిందే పిస్టన్ చుట్టూ ఉండే మొదటి రింగు కూర్చునే గాడి. అక్కడి మందం కొలిచే కాలిపర్ షాపులో మేకుకు వేలాడుతోంది. షాపు రెండు వీధుల అవతల. రాత్రి పదకొండయింది. వెళ్లలేదు. బొటనవేలితో తడిమి, చాలులే అనుకున్నాను.

పంతొమ్మిది రోజులు బండి గుర్రంలా పరిగెత్తింది. ఇరవయ్యో రోజున వాడు గుంటూరు వెళుతుంటే, మంగళగిరి దాటి కాజ దగ్గర ఆ అంచు విరిగింది. రింగు ముక్క గోడకూ పిస్టన్‌కూ మధ్య ఇరుక్కుంది. ఇంజను పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయింది. వాడు పడ్డాడు. వెనక వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు వేయగలిగాడు కాబట్టి కాలర్ ఎముకా మణికట్టూ విరగడంతో సరిపోయింది.

ఆసుపత్రిలో వాళ్లమ్మ నన్ను చూసి, "ఎప్పుడు తిన్నావో ఏమో" అని ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. తిట్టి ఉంటే ఇన్నేళ్లు గుర్తుండేది కాదేమో. ఆ విరిగిన పిస్టన్ ఇప్పటికీ నా దగ్గరుంది. నెలవంకలా ఊడిన చోట మిగిలిన లోహం గోరంత మందం కూడా లేదు.

అందుకని నా మాట విను. అదే రకం పాత పిస్టన్ ఒకటి తుక్కు కొట్లో కొని, గుంట పడే చోట రంపంతో నిలువునా కోయి. లోపల ఎక్కడ ఎంత ఉందో కళ్లతో చూసి, గుంట గీత దాని మీద గీసుకో. తలలో గానీ, రింగు గాడి పైన గానీ 5 మిల్లీమీటర్లు మిగలకపోతే ఆ క్యాం తీసి పక్కన పెట్టు. డబ్బులు పోయాయని బాధపడకు, నేను ఇస్తాను. గుంట అంచులు ఎమరీతో గుండ్రంగా చెయ్యి. పదునుగా వదిలితే విపరీతంగా వేడెక్కి, స్పార్కు రాకముందే మంట పుట్టిస్తాయి.

ఆరేళ్లప్పుడు నా షాపులో నేల మీద కూర్చుని నట్లన్నీ సైజుల వారీగా డబ్బాల్లో వేసేవాడివి. ఒక్కటి తప్పినా మళ్లీ డబ్బా అంతా బోర్లించేవాడివి. ఆ ఓపిక ఇప్పుడు కావాలి.

శనివారం మధ్యాహ్నం బస్సుకు బయలుదేరి వస్తున్నాను. కాలిపరూ, ఆ విరిగిన పిస్టనూ తెస్తాను. అంతవరకు కిరోసిన్‌తో భాగాలన్నీ కడిగి, గుడ్డ కప్పి ఉంచు. రాత్రికి అక్కడే భోజనం అని మీ అమ్మతో చెప్పు.

మీ మామయ్య