‘పేలని’ అంటే ఎప్పుడు పేలనిది?

సందేహం: ఆయుధ భద్రత మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. మంటల్లో పడ్డా, తూటా తగిలినా పేలకుండా తయారుచేసే బాంబులను ‘పేలని మందుగుండు’ అని రాశాను. మా మిత్రుడు తప్పంటున్నాడు.
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: మీ మిత్రుడే రైటు. ‘పేలని’ అనేది వ్యతిరేక క్రియాజన్య విశేషణం. దానికి కాలం ఉండదు. ‘రాని బస్సు’ అంటే నిన్న రానిదా, రోజూ రానిదా, ఇక ఎప్పటికీ రానిదా? సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. మన నల్గొండ వైపు రాళ్ల క్వారీలో ‘పేలని మందు’ అని చూడండి, పనివాళ్లు ఆమడ దూరం పోతారు. బెజ్జంలో కూరి, వైర్లు కలిపి, బ్లాస్టింగ్ చేసినా పేలక లోపలే ఉండిపోయిందని వాళ్లకు అర్థమవుతుంది. క్వారీలో దాన్ని మించిన టెన్షన్ లేదు. మీరు భద్రమని చెప్పబోయి ప్రమాదమని చెప్పినట్టయింది.

పైగా మీ వ్యాసంలోని బాంబులు పేలాల్సినప్పుడు పేలుతాయి. 1967 జులై 29న వియత్నాం దగ్గరి సముద్రంలో అమెరికా నౌక ఫారెస్టల్ మీద ఒక రాకెట్ దానంతటదే దూసుకుపోయి ఇంధనం అంటుకుంది. ఆ మంటల వేడికి డెక్ మీది బాంబులు పేలాయి. 134 మంది చనిపోయారు. ఇలాంటి అనుభవాల తర్వాతే, మీ వ్యాసంలో చెప్పినట్టు మంటకూ తూటాకూ పేలని బాంబులు కావాలనే పట్టుదల పెరిగింది. కాబట్టి ‘తేలిగ్గా పేలని మందుగుండు’ అనండి. ఇంగ్లిష్‌లో ‘ఇన్‌సెన్సిటివ్’ అన్నారని ‘సున్నితం కాని’ అని మాత్రం రాయకండి, మొరటుమనిషి గురించి చెప్పినట్టుంటుంది.

క్రియల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. నాటో దేశాల పరీక్షల్లో బాంబును మంటలో పెడతారు, గంటల తరబడి మెల్లగా వేడి చేస్తారు, తూటాతో కొడతారు, పక్కన ఇంకో బాంబును పేల్చి చూస్తారు. ఫలితాన్ని వరసగా రకాలు కడతారు. మొదటి రకం పూర్తి విస్ఫోటనం, అయిదోది ఉత్తగా కాలిపోవడం. మంట, వేడి, తూటా పరీక్షల్లో కాలితే పాసు, పేలితే ఫెయిలు. పక్క బాంబు పరీక్షలో మాత్రం కాస్త సడలింపు ఉంది, మూడో రకాన్ని, అంటే విస్ఫోటనం దాకా పోని పేలుడును కూడా ఒప్పుకుంటారు. దీపావళి నాడు పిల్లలు సైతం టపాసు ‘చీదింది’, ‘కాలింది’, ‘పేలింది’ అని తేడాగానే అంటారు. మీ అనువాదంలో మాత్రం అన్నిచోట్లా ‘పేలింది’ అనే ఉంది. మూలంలో పాసైన బాంబులు మీ తెలుగులో ఫెయిలవుతున్నాయి. ఒక్కో వాక్యం మళ్లీ చూసుకోండి. ‘విస్ఫోటనం’ మొదటి రకానికే ఉంచండి.